తోడు

కానో మైదానంలో వాన వెలిసి తొమ్మిది వారాలు.
నల్లరేగడి నెర్రెలు విచ్చింది.
ఒక నెర్రెలో కోడిపిల్ల పడిపోతే
నర్సు అకేలో మోచేతిదాకా చెయ్యి దూర్చి
దాన్ని బయటికి తీసింది.
పురుళ్ళు పోసిన చెయ్యి అది, తడబడలేదు.

పురిటిగది గోడ మీద పగులు పక్కనే
పెన్సిలుతో తేదీలు వేసింది ఆమె.
మార్చిలో గోరు పట్టేది.
ఆగస్టుకి వేలు.
మేం పికప్పు దిగేనాటికి
అవతల వరండాలో ఎవరు ఎవర్ని తిట్టుకుంటున్నారో
పగుల్లోంచే తెలిసిపోతోంది.

"వానకి ఉబ్బుతుంది, ఎండకి పీక్కుపోతుంది.
మూడుసార్లు సిమెంటు కూరాను,"
అన్నాడు ఒబురా మేస్త్రీ,
మాట వినని మూడో కొడుకు గురించి చెప్పినట్టు.

నేను కిసుము ల్యాబులో మట్టి తూచేవాణ్ణి.
రెండు నీలం డబ్బాల్లో నాతో వచ్చినవి
కంటికి ఆనని ప్రాణాలు.
యూరియా తింటాయి, ఘాటు వదుల్తాయి,
కాల్షియం అందితే
సున్నపు గింజలు కడతాయి.
గింజకి గింజ పట్టు దొరికితే
మన్ను మొండికేసి నిలబడుతుందని
కాగితం మీద లెక్క.

ఇసకైతే సందిస్తుంది.
రేగడి ఇవ్వదు.
దాని రేకుల నడుమ
ఆ చిన్న ప్రాణాలకి కూడా తల దూర్చే చోటు లేదు.
పైపైన తెల్లటి పెచ్చు కట్టి
గుమ్మంలోనే చచ్చిపోయాయి నా చుట్టాలు.
ఒబురా ఆ పెచ్చుని బూటుతో గీకి చూసి
ఏమీ అనలేదు.
అనకపోవడమే ఎక్కువైంది నాకు.

మధ్యాహ్నం అకేలో సొరబుర్ర వంచి
పుల్లటి పాలు పోసింది.
గరిటె జారనంత గట్టిగా పేరుకున్నాయి.
దేంతో తోడేశావని అడిగాను.

"తోడెందుకు?" అంది. "బుర్రకే తెలుసు.
మా అమ్మ నాటి నుంచి దీనికి సబ్బు తగల్లేదు.
గోరువెచ్చగా పోసి, మూతి కట్టి,
దాని జోలికి పోకుండా ఉంటే చాలు.
ఆ ఆఖరిదే మీ మగాళ్ళకి చేతకాదు."

ఆ రాత్రి
పునాది కింది మట్టి పిడికెడు సీసాలో వేసి,
చక్కెర ఫ్యాక్టరీ మడ్డి కాస్త, యూరియా కాస్త కలిపి
లాంతరు వెచ్చదనానికి ఆనించి పడుకున్నాను.
నాలుగోనాడు మూత తీస్తే
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
ఏడుపు కాదు, అమ్మోనియా.
(కొంచెం ఏడుపు కూడా.)

ఇంతకాలం లోపలే ఉన్నారన్నమాట.
చీకట్లో, పస్తులతో,
ఎవరూ పేరు పెట్టి పిలవకుండా.
నేను పొరుగూరి నుంచి బంధువుల్ని మోసుకొచ్చాను,
ఇంటివాళ్ళకి అన్నం పెట్టకుండా.

గోడ వెంబడి కందకం తవ్వాం.
మన్ను చిదిపి, మడ్డీ యూరియా కాల్షియం నీళ్ళూ పోసి
పదకొండు మంది తొక్కారు, రోజుకూలికి.
రిస్పర్ అనే పిల్ల ముక్కుకి లెస్సో చుట్టుకుని
"ఎవడి పక్క తడిసిందిది?" అంటే
ఆ పూటంతా నవ్వులే.
తొక్కింది తిరిగి పూడ్చి, గోనెలు కప్పి
దాని జోలికి పోకుండా ఉన్నాం.
ఇరవై రోజులు. అదే కష్టం.
ఒబురా రోజుకి రెండుసార్లు గోనె అంచు ఎత్తి చూస్తుంటే
అకేలో చేతి మీద కొట్టేది.

ఏప్రిల్లో న్యాండో ఏరు కట్టలు దాటింది.
నీళ్ళు తీశాక వెళ్ళాను.
తూర్పు గోడ దగ్గర
పెన్సిలు తేదీలు ఎక్కడివక్కడే ఆగి ఉన్నాయి.
సుత్తితో తడితే కందకం మట్టి
కుండలా పలికింది.
ఉత్తరం మూల మాత్రం,
మడ్డి చాలక మేం వదిలేసిన చోట,
మళ్ళీ గోరంత తెరుచుకుంది.
దాని పక్కన కూడా తేదీ వేసింది అకేలో,
ఏ పక్షమూ వహించకుండా.

బావినీళ్ళకి ఘాటు దిగుతుందేమో
నెలనెలా వాసన చూడమన్నాను.
తల ఊపి,
ఒక నీలం డబ్బా వదిలి వెళ్ళమంది, గుడ్డలు నానేసుకోడానికి.
సబ్బుతో శుభ్రంగా కడుక్కోమని చెప్పాను.

సబ్బుతోనా, అని
నా వంక ఒక చూపు చూసింది.